బ్రేకు వేసిన తరువాత



ఈ శీర్షికలో ప్రతి నెలా ఇంటికీ, పిల్లల చదువుకూ, విశ్వాస జీవితానికీ పనికివచ్చే సంగతి ఒకటి మాట్లాడుకుంటున్నాము. ఈ నెల తొమ్మిదవ తరగతి భౌతికశాస్త్రము మాట్లాడుకుందాము. చలనము, బలము, శక్తి అనే మూడు మాటలు. "అయ్యగారికి సైన్సు పాఠమెందుకు?" అని మీరు అడగవచ్చు. మేమూ ఒకప్పుడు అలాగే అనుకున్నాము. ఎందుకు వ్రాస్తున్నామో ముందుగా చెప్పనివ్వండి.

గడచిన సంవత్సరము మా సంఘములో ఒక యౌవనస్థుని భూస్థాపన చేశాము. వయస్సు 19. ఆదివారపు బడిలో మా కళ్లముందు పెరిగిన బిడ్డ. స్నేహితుణ్ణి వెనుక కూర్చోబెట్టుకొని పక్క ఊరినుండి బండి మీద వస్తూ, చీకటి పడిన వేళ, మలుపు తిరిగాక రోడ్డు పక్కన ఆపి ఉన్న ధాన్యపు ట్రాక్టరును గుద్దుకున్నాడు. వెనుక కూర్చున్నవాడు ఎగిరి గడ్డిలో పడి బ్రతికాడు. ఇతడు బ్రతకలేదు. హెల్మెట్ ఇంట్లో మేకుకు తగిలించి ఉన్నది.

ఆ రాత్రి తల్లి మమ్మును ఒక్కటే అడిగింది. "అయ్యగారూ, మావాడు బ్రేకు వేశాడంటండీ. రోడ్డు మీద గీత కూడా ఉందంట. వేశాక ఎందుకు ఆగలేదండీ?"

"దేవుని చిత్తమమ్మా" అన్నాము. ఇరవై ఏండ్లుగా సమాధుల దగ్గర చెప్పుచున్న మాట అది. ఆ తల్లి తల వంచుకొని ఊరుకున్నది. ఆదరణ పొంది ఊరుకోలేదని మాకు అప్పుడే తెలుసు.

జ్ఞాపకార్థ కూటము అయిన తరువాత ఆ అబ్బాయి చెల్లెలు పాఠ్యపుస్తకము పట్టుకొని మా ఇంటికి వచ్చింది. "అన్న బండి ఎంత దూరములో ఆగాలో ఈ లెక్కతో తెలుస్తుందా అయ్యగారూ?" అని అడిగింది. మేము వేదాంత పాఠశాలలో డిప్లొమా చదివినవారమే గాని లెక్కలు విడిచి చాలా కాలమైనది. "కూర్చో తల్లీ, ఇద్దరమూ చూద్దాము" అన్నాము. ఆ అమ్మాయితో కూర్చొని మేము నేర్చుకున్నదే ఈ నెల పాఠము.

కదిలేది కదులుతూనే ఉంటుంది

పూర్వకాలపు జ్ఞానులు, ముఖ్యముగా గ్రీకు దేశపు అరిస్టాటిల్‌ను అనుసరించినవారు, వస్తువు కదలాలంటే ఎవరో ఒకరు దానిని నెట్టుతూనే ఉండాలి అనుకున్నారు. మనకూ అలాగే అనిపిస్తుంది. ఎద్దులు లాగకపోతే బండి ఆగిపోతుంది గదా! ఇటలీ దేశస్థుడు గెలీలియో ఏటవాలు బల్లల మీద గోళీలు దొర్లించి చూచి, సంగతి వేరని గ్రహించాడు. బండి దానంతట అది ఆగదు. ఇరుసులో రాపిడి, నేల రాపిడి దానిని ఆపుతాయి. రాపిడి ఎంత తగ్గిస్తే అంత దూరము పోతుంది.

దీనిని నియమముగా వ్రాసినవాడు ఇంగ్లండు దేశస్థుడు ఐజాక్ న్యూటన్. 1665లో తెగులు వ్యాపించి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము మూతపడితే, పల్లెటూరిలోని తన ఇంటికి వెళ్లి ఈ సంగతులను గూర్చి ఆలోచించాడు. 1687లో వెలువడిన తన గొప్ప గ్రంథములో మూడు చలన నియమములు తెలియజేశాడు. ఆయన బైబిలును కూడా ఎంతో శ్రద్ధగా చదివినవాడు. దానియేలు, ప్రకటన గ్రంథములను గూర్చి వ్రాసినది ఆయన మరణానంతరము 1733లో అచ్చయినది.

మొదటి నియమము ఇది. బలమేదీ తాకనంతవరకు ఆగి ఉన్నది ఆగియే ఉంటుంది, కదిలేది అదే వేగముతో తిన్నగా పోతూనే ఉంటుంది. ఈ గుణమును జడత్వము అంటారు. బస్సు డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే నిలబడినవారు ముందుకు తూలుతారు. వారిని ఎవరూ నెట్టలేదు. బస్సు ఆగినది, వారి శరీరము ఇంకా పోతూ ఉన్నది, అంతే. బండి ఆగిన చోట మనిషి ఆగడు. ఆ స్నేహితుడు ఎగిరి గడ్డిలో పడినది ఇందుకే.

రెండవ నియమము: బలము ఎంత ఎక్కువైతే వేగములో మార్పు అంత త్వరగా వస్తుంది. బరువు ఎంత ఎక్కువైతే ఆ మార్పు అంత కష్టమవుతుంది. ఖాళీ తోపుడుబండిని చిన్నపిల్లవాడు ఆపగలడు. బస్తాలు వేసిన బండిని ఇద్దరు పెద్దవారు పట్టుకోవాలి.

మూడవ నియమము: మనము దేనిని ఎంత బలముతో నెట్టితే, అది మనలను అంతే బలముతో ఎదురు నెట్టుతుంది. పడవలోనుండి గట్టు మీదికి దూకినప్పుడు పడవ వెనుకకు పోవడము చూచియున్నారు గదా. తల రోడ్డును ఎంత బలముతో తాకితే, రోడ్డు తలను అంతే బలముతో తాకుతుంది. రోడ్డుకు జాలి లేదు, పగ కూడా లేదు.

మట్టిలో పడిన గోళము

ఇప్పుడు శక్తి. కదిలే వస్తువులో ఉన్న శక్తిని గతిజశక్తి అంటారు. ఎత్తున ఉన్నందువలన కలిగేది స్థితిజశక్తి. రోకలి పైకెత్తినప్పుడు మన చేతి కష్టము దానిలో స్థితిజశక్తిగా చేరుతుంది. విడిచినప్పుడు గతిజశక్తిగా మారి గింజను దంచుతుంది. శక్తి నశించదు, రూపము మార్చుకుంటుంది. బ్రేకు వేసి ఆపిన బండి చక్రపు డ్రమ్ము దగ్గరకు చేయి పోనిస్తే వేడి తగులుతుంది. బండి వేగమంతా అక్కడ వేడిగా మారినది. వేడి కూడా శక్తియేనని 1840లలో ఇంగ్లండు దేశములో జేమ్స్ జౌల్ కొలిచి చూపించాడు. బీరు తయారుచేసే కుటుంబములో పుట్టినవాడాయన. అందుకే శక్తిని కొలిచే ప్రమాణమునకు జౌల్ అని పేరు. నూరు గ్రాముల జామకాయను ఒక మీటరు ఎత్తుకు లేపడానికి సుమారు ఒక జౌల్ పడుతుంది.

వేగము రెండింతలైతే ఈ శక్తి ఎన్నింతలవుతుంది? రెండింతలని చాలామంది అంటారు. పెద్ద పండితులు కూడా దీని మీద చాలా కాలము వాదించుకున్నారు. 1720ల తొలినాళ్లలో హాలెండు దేశములో గ్రావెసాండె అనే ఆచార్యుడు ఇత్తడి గోళములను మెత్తని బంకమట్టిలోనికి జారవిడిచాడు. రెండింతల వేగముతో పడిన గోళము రెండింతలు కాదు, నాలుగింతల లోతుకు దిగినది. మూడింతల వేగముతో పడినది తొమ్మిదింతలు. ఈ సంగతి ప్రాముఖ్యతను గ్రహించి, 1740లో ప్రచురించిన తన పుస్తకములో వివరించిన స్త్రీ ఫ్రాన్సు దేశపు ఎమిలీ ద్యు షాత్లె. న్యూటన్ గ్రంథమును ఫ్రెంచి భాషలోనికి తర్జుమా చేసినది ఆమెయే. 1749లో ప్రసవించిన కొద్ది దినములకే మరణించినది. ఆ తర్జుమా సంపూర్ణముగా 1759లో వెలుగుచూచినది. ఆడపిల్లకు లెక్కలెందుకనే తలిదండ్రులు ఈమెను గుర్తుంచుకోవాలి.

మీ ఇంట్లో చేసి చూడండి. చెరువు మట్టిని మెత్తగా పిసికి గిన్నెలో పరచండి. పెద్ద ఇనుప గోళీని అడుగు ఎత్తునుండి ఒకసారి, నాలుగు అడుగుల ఎత్తునుండి ఒకసారి విడవండి. నాలుగు అడుగులనుండి పడినదాని వేగము మొదటిదానికి రెండింతలే. గుంట లోతు మాత్రము పుల్లతో కొలిచి చూడండి. పిల్లలు ఈ పాఠము ఎన్నటికీ మరచిపోరు.

బరువు రెండింతలైతే శక్తి రెండింతలు. వేగము రెండింతలైతే శక్తి నాలుగింతలు. ఈ ఒక్క ముక్క మన ఊళ్లలో బండి నడిపే ప్రతి బిడ్డకూ తెలియాలి.

బండి లెక్క

మోటారు సైకిలు, దాని మీద ఇద్దరు, అన్నీ కలిపి 250 కిలోలు అనుకుందాము. గంటకు 36 కిలోమీటర్లు అంటే సెకనుకు 10 మీటర్లు. ఆ వేగము వద్ద గతిజశక్తి 12,500 జౌళ్లు. గంటకు 72 కిలోమీటర్లయితే సెకనుకు 20 మీటర్లు, శక్తి 50,000 జౌళ్లు. యాభై కిలోల బియ్యపు బస్తాలు నూటిని ఒక్కొక్కటిగా మీటరు ఎత్తుకు లేపితే ఎంత శక్తి పడుతుందో దాదాపు అంత. ఆ శక్తి అంతా వేడిగా మారితేనే బండి ఆగుతుంది. దానికి చోటు కావాలి.

ఆపవలసిన సంగతి కంటికి కనబడి, మనసుకు తట్టి, కాలు బ్రేకు మీద పడేలోగా ఇంచుమించు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో బండి అదే వేగముతో పోతుంది. 36 వేగములో 10 మీటర్లు, 72 వేగములో 20 మీటర్లు. ఆ తరువాత మంచి బ్రేకు, పొడి రోడ్డు ఉండి, సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగము తగ్గుతుందనుకుంటే, 36 వేగములో ఇంకొక 10 మీటర్లకు ఆగుతుంది. 72 వేగములో ఇంకొక 40 మీటర్లు కావాలి. మొత్తము ఒకచోట 20 మీటర్లు, ఇంకొకచోట 60 మీటర్లు. బండిని చివరకు ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్యనున్న రాపిడి. వాన నీరు, ఇసుక, ఆరబోసిన ధాన్యము, గడ్డి దానిని తగ్గిస్తాయి. అప్పుడు ఆ దూరము ఇంకా పెరుగుతుంది.

ఆ అమ్మాయీ మేమూ కలిసి ఆ మలుపు దగ్గరకు వెళ్లాము. మలుపు తిరిగాక ట్రాక్టరు కనబడే చోటినుండి అది ఆగి ఉన్న చోటికి అడుగులతో కొలిచాము. సుమారు 30 మీటర్లు. "డెబ్బై మీద ఉందండి" అని స్నేహితుడు చెప్పియున్నాడు. అమ్మాయి అక్కడే గట్టు మీద కూర్చొని 72 అని తీసుకొని లెక్క వేసింది. చూచి బ్రేకు వేసేసరికే 20 మీటర్లు అయిపోయినవి. బ్రేకు పని చేయడానికి మిగిలినది 10 మీటర్లు. ఆ పదింటిలో వేగము 72 నుండి సుమారు 62కు మాత్రమే తగ్గుతుంది. అదే 45 వేగముతో వచ్చియుంటే 28 మీటర్లకే ఆగేది. ట్రాక్టరును తాకేది కాదు.

ఆ అమ్మాయి లెక్కను రెండుసార్లు సరిచూచుకున్నది. తరువాత పుస్తకము మూసి ఏడ్చింది. మేమూ ఏడ్చాము.

వేగము కూడా ఎత్తే

ఇంకొక మాట. సెకనుకు 20 మీటర్ల వేగము రావాలంటే ఎంత ఎత్తునుండి పడాలి? సుమారు 20 మీటర్లు. అది బాగా ఎదిగిన తాటిచెట్టు ఎత్తు. 36 వేగానికి 5 మీటర్లు, అంటే మన మందిరపు డాబా కంటె కొంచెము ఎక్కువ. 72 వేగముతో పోయే పిల్లవాడు తాటిచెట్టు కొన మీద కూర్చున్నవానితో సమానము. అతడు నేలకు దగ్గరగా ఉన్నాననుకుంటాడు. లెక్క ప్రకారము ఎత్తున ఉన్నాడు.

ఇది చదివినప్పుడు మాకు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము జ్ఞాపకమునకు వచ్చినది. క్రొత్త ఇల్లు కట్టుకున్నవాడు డాబాకు పిట్టగోడ కట్టాలని, లేకపోతే అక్కడినుండి ఎవడైనా పడితే ఆ రక్తాపరాధము ఆ ఇంటి మీదికి వస్తుందని దేవుడు ఆజ్ఞాపించాడు. చూడండి, పడిపోయేవానిని గాలిలో పట్టుకుంటానని దేవుడు అక్కడ చెప్పలేదు. గోడ కట్టమన్నాడు. గోడ కట్టడము అవిశ్వాసము కాదు, విధేయత.

"ప్రార్థన చేసుకొని బయలుదేరుతున్నాము, ఏమీ కాదులే అయ్యగారూ" అనేవారు మనలో ఉన్నారు. మత్తయి సువార్త 4వ అధ్యాయములో అపవాది మన ప్రభువును దేవాలయ శిఖరము మీద నిలబెట్టి, దూకుము, దూతలు పట్టుకుంటారు అని శోధించాడు. ప్రభువు దూకలేదు. దేవుని శోధింపకూడదని లేఖనముతోనే జవాబిచ్చాడు. ఎత్తునుండి దూకనివాడు మన ప్రభువు. ఆయన శిష్యులమైన మనము హెల్మెట్ లేకుండా ముగ్గురము ఎక్కి డెబ్బైలో పోతూ ఆయన నామమున కాపుదల అడగడము న్యాయమేనా? మేమును ఈ తప్పు చేసినవారమే. గృహకూటములకు ఆలస్యమవుతున్నదని ముగ్గురము ఒకే బండి మీద వెళ్లిన దినములు ఎన్నో ఉన్నాయి. దేవుని యెదుట ఒప్పుకొని మానుకున్నాము.

పిట్టగోడలు ఏవి?

మొదటిది హెల్మెట్. గట్టి నేల మీద దూకితే కాలు విరుగుతుంది. గడ్డివాము మీద దూకితే విరగదు. శక్తి రెండు చోట్లా ఒక్కటే. గడ్డివాములో ఆగడానికి ఎక్కువ దూరము దొరుకుతుంది కనుక బలము తగ్గుతుంది. తల రోడ్డుకు నేరుగా తగిలితే కొద్ది మిల్లీమీటర్లలో ఆగిపోవాలి. హెల్మెట్ లోపలి మెత్తని పొర తాను నలిగి, రెండు మూడు సెంటీమీటర్ల చోటు ఇస్తుంది. ఆ కొద్ది చోటులోనే ప్రాణము ఉన్నది. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదే కొనండి, గడ్డము క్రింద పట్టీ బిగించండి. 1988 మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము నాలుగేండ్లు దాటిన ప్రతివారూ, వెనుక కూర్చున్నవారు కూడా, పెట్టుకోవాలి. నాలుగేండ్లలోపు పిల్లలకు కూడా తగిన హెల్మెట్, పెద్దవారికి కట్టే పట్టీ ఉండాలని, వారితో 40 వేగము మించకూడదని 2023 ఫిబ్రవరి 15 నుండి నియమము అమలులో ఉన్నది.

రెండవది వేగము తగ్గించడము. హెల్మెట్‌కు కూడా హద్దు ఉన్నది. తాటిచెట్టు ఎత్తునుండి పడేవానిని అది ఒక్కటే కాపాడలేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారము 2022లో మన దేశములో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి డెబ్బై మందికి పైగా మరణించినది అతివేగము వలననే. హెల్మెట్ లేక చనిపోయినవారు 50 వేలకు పైగా ఉన్నారు.

మూడవది ట్రాక్టర్లు. ఆ రాత్రి ఆగి ఉన్న ట్రాక్టరు వెనుక ఎర్ర దీపము లేదు. అదియు తప్పే. మనలో ట్రాక్టరు ఉన్నవారు ట్రాలీ వెనుక వెలుగును తిరిగి చూపే ఎర్ర పట్టీలు అంటించండి. రాత్రి రోడ్డు మీద ఆపకండి. సభలకూ పెండ్లిండ్లకూ మనుష్యులను ట్రాలీలో నిలబెట్టి తీసికొని పోవద్దు. మలుపులో ట్రాక్టరు తిరుగుతుంది గాని, జడత్వము వలన మనుష్యులు తిన్నగా పోబోతారు, ట్రాలీ ఒరిగిపోతుంది. మా సంఘము ఈ సంవత్సరము సభలకు బస్సు మాట్లాడుకున్నది. ఖర్చు కొంత ఎక్కువైనది, కానుకలలోనుండి సర్దుకున్నాము.

మేము ఆ తల్లి దగ్గరకు మళ్లీ వెళ్లాము. "అమ్మా, ఆ రాత్రి త్వరపడి మాట్లాడాము. నీ ప్రశ్నకు జవాబు తెలియక దేవుని చిత్తమన్నాము. నీ కొడుకు బ్రేకు వేశాడు. బ్రేకు పని చేసింది. ఆగడానికి చాలినంత చోటు మిగలలేదు" అని చెప్పి, లెక్క వివరించాము. ఎందుకు ఆగలేదో చెప్పగలిగాము. బిడ్డ ఎందుకు పోయాడనే ప్రశ్న మాత్రము ఆమె ప్రభువునే అడుగుచున్నది, మేమూ ఆమెతో కలిసి అడుగుచున్నాము. అడిగేవారిని ఆయన త్రోసివేయడని నమ్ముచున్నాము.

ఆమె చాలాసేపు మౌనముగా ఉండి, "అయితే ఈ లెక్క తక్కిన పిల్లలకు చెప్పండి అయ్యగారూ" అన్నది. అందుకే ఈ పాఠము.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము చదివి, మట్టి గిన్నె, గోళీ తెచ్చుకొని పిల్లలచేత పై ప్రయోగము చేయించండి. బండి నడిపే కుమారునిచేతనే గుంట లోతు కొలిపించండి. మేకుకు తగిలించిన హెల్మెట్ ఉంటే దించండి.

పరలోకమందున్న మా తండ్రీ, నీవు సృష్టిలో ఉంచిన నియమములు నమ్మకమైనవి. వాటిని తెలిసికొని, మా బిడ్డలకు పిట్టగోడ కట్టే బుద్ధి మాకు దయచేయుము. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులను ఆదరించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.